కాన్సస్ రోడ్డు పక్కన చారిత్రక ఫలకాలు: పాత రాతను మార్చాలా, అలాగే ఉంచాలా?

ఓలేతా నివాసి:

అందరికీ నమస్కారం. మేము అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో, జాన్సన్ కౌంటీలో ఉంటున్నాము. ఆదివారం పూట కొందరు పిల్లలకు తెలుగు నేర్పుతున్నాను. ఈ వేసవిలో వారిని కౌన్సిల్ గ్రోవ్ అనే చిన్న ఊరికి తీసుకువెళ్లి, దారిలో రోడ్డు పక్కన కనిపించే చారిత్రక ఫలకాలను చదివించి, వాటి సారాన్ని తెలుగులో రాయించాలని అనుకున్నాను. కౌన్సిల్ గ్రోవ్ ఒకప్పుడు సాంటా ఫే బాటలో పెద్ద మజిలీ. మిస్సోరి నుంచి సరుకుల బండ్లు పశ్చిమానికి సాగే ఆ బాటకు దారి హక్కు కోరుతూ, 1825 ఆగస్టులో అమెరికా ప్రభుత్వ ప్రతినిధులు ఓసేజ్ జాతి పెద్దలతో అక్కడి చెట్ల కింద కూర్చుని ఒప్పందం చేసుకున్నారు. ఊరికి ఆ పేరు అలాగే వచ్చింది.

ప్రయాణం గురించి తల్లిదండ్రులకు రాసినప్పుడు ఒక తండ్రిగారు అభ్యంతరం చెప్పారు. ఆ ఫలకాలలో చాలా వాటిని రాసినది నేలను గెలుచుకున్నవారి వంశీకులనీ, ఆ మాటలను పిల్లల చేత తెలుగులోకి మార్పిస్తే ఆ చూపును కూడా వారికి అంటించినట్లే అవుతుందనీ, ముందు ఆ రాతను మార్చమని రాష్ట్ర ప్రభుత్వానికి మనమందరం ఉత్తరం రాయాలనీ ఆయన వాదన. మరొక తల్లిగారు దీనికి పూర్తిగా విరుద్ధంగా, పాత ఫలకం కూడా చరిత్రే కాబట్టి ఒక్క అక్షరం కదపకూడదని అన్నారు. నాకు ఇద్దరి మాటా కాదనలేనిదిగానే కనిపించింది. ఈ వేదికలో చరిత్ర చదివినవారూ, ఈ రాష్ట్రంలో చాలా ఏళ్లు తిరిగినవారూ ఉన్నారు కనుక అడుగుతున్నాను. పాత ఫలకాల రాతను మార్చడం న్యాయమా?

ప్రేరీ బాటసారి:

అమ్మా, నేను విచిటాలో ఇరవై ఏళ్లకు పైగా ఉన్నాను. ఉద్యోగరీత్యా ఈ రాష్ట్రపు రోడ్లన్నీ తిరిగాను, ఫలకం కనబడితే కారు ఆపని రోజు లేదు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: మార్చకూడదు.

సాంటా ఫే బాట వెంట నిలబడిన గ్రానైటు రాళ్ల సంగతే చూడండి. అమెరికా స్వాతంత్ర్య పోరాటంలో పాల్గొన్నవారి వంశపు స్త్రీల సంఘమైన అమెరికన్ విప్లవ పుత్రికల సంఘం వారు ఆ బాట ఆనవాలు చెరిగిపోకముందే గుర్తులు పాతాలని పూనుకున్నారు. శాసనసభ 1,000 డాలర్లు ఇచ్చింది. అది చాలక, 1906 జనవరి 29న, అంటే రాష్ట్రావతరణ దినాన, బడిపిల్లలు తలా ఒక పెన్నీ చందా వేశారు. మట్టిగడ్డలను ఇటుకల్లా కోసి కట్టుకున్న ఇళ్లలో పెరిగిన తల్లిదండ్రుల పిల్లలు వారిలో ఎందరో ఉండి ఉంటారు. 1874లో మిడతల దండు మబ్బులా దిగి పైరునంతా మేసిపోయిన ఏడాదిని కళ్లారా చూసినవారు అప్పటికి ఇంకా బతికే ఉన్నారు. అదే ఏడాది రష్యా నుంచి వచ్చిన మెన్నోనైట్ అనే క్రైస్తవ శాఖ కుటుంబాలు తెచ్చిన టర్కీ రెడ్ గోధుమ తరువాతి కాలంలో ఈ రాష్ట్రాన్ని గోధుమల రాష్ట్రంగా మార్చింది. ఇలా వలస వచ్చినవారిలో అధికులు దోపిడీదారులు కారు, పేదరైతులు. ఎందరో 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం కింద 160 ఎకరాలు దొరుకుతాయని విని, ఐదేళ్లు అక్కడే కాపురముండి సాగు చేయాలన్న షరతుకు తలవంచి, ఎండకూ మంచుకూ ఓర్చినవారు.

వారు తమ పెద్దలను తలచుకుని పెట్టుకున్న రాయిని ఈనాటి మన నీతితో చెక్కేస్తే, రేపు మన మనుమలు మన రాతలనూ చెక్కేస్తారు. పక్కన కొత్త ఫలకం పెట్టండి, నాకు అభ్యంతరం లేదు. పాతదాన్ని ముట్టుకోకండి.

లారెన్స్ విద్యార్థి:

బాటసారి గారూ, మీ మాట గౌరవిస్తూనే లారెన్స్‌లో నేను చూసినది చెప్పాలనుకుంటున్నాను. ఇక్కడ పాత ఫలకాన్ని ముట్టుకున్నారు. అది తప్పని నాకు అనిపించలేదు.

లారెన్స్ నగరపాలక భవనానికి ఎదురుగా రాబిన్సన్ పార్కులో ఇరవై టన్నులకు పైబడిన ఎర్రని రాయి ఒకటి ఉండేది. అది కాన్సస్ నేలలో పుట్టిన రాయి కాదు. మంచుయుగంలో హిమానీనదం ఉత్తరాదిన ఎక్కడో పెళ్లగించి, వందల మైళ్లు ఈడ్చుకుంటూ వచ్చి, మంచు కరిగినప్పుడు టొపీకా దగ్గర షంగనంగా వాగు కాన్సస్ నదిలో కలిసే చోట వదిలివెళ్లిన క్వార్ట్‌జైటు బండ. ఈ రాష్ట్రానికి పేరిచ్చిన కాన్జా ప్రజలకు అది పూజనీయం. వారు దానిని ఇన్‌ఝూజె వహోబె అంటారు; పవిత్రమైన ఎర్రరాయి అని అర్థం. వారిని 1873లో ఈ రాష్ట్రం నుంచి ఇండియన్ టెరిటరీకి, అంటే ఇప్పటి ఓక్లహోమాకు పంపించివేశారు. రాయి మాత్రం నది ఒడ్డునే మిగిలింది.

1929లో లారెన్స్ నగరం 75 ఏళ్ల పండుగ చేసుకుంటూ ఆ రాయిని క్రేనుతో ఎత్తించి, రైలు మీద తెప్పించి, పార్కులో నిలిపి, 1854లో ఈశాన్య అమెరికాలోని న్యూ ఇంగ్లండ్ నుంచి వచ్చి ఊరు కట్టిన తొలి వలసకుటుంబాల వారి పేర్లున్న కంచు పలకను దానికి బిగించింది. కాన్జా తల్లి వంశంలో పుట్టి, చిన్నతనంలో కొంతకాలం కౌన్సిల్ గ్రోవ్ దగ్గరి వారి నేల మీదే అమ్మమ్మ వద్ద పెరిగిన చార్లెస్ కర్టిస్ అమెరికా ఉపాధ్యక్షునిగా ప్రమాణం చేసినది కూడా సరిగ్గా ఆ ఏడాదే. ఆ రెండు సంగతులూ ఒకే సంవత్సరంలో జరిగాయని తెలిసిన రోజు చాలాసేపు నాకు మరే పనీ తోచలేదు.

కాన్జా ప్రజల ప్రభుత్వం తిరిగి ఇవ్వమని కోరినప్పుడు, 2021లో నగరమూ కౌంటీ యంత్రాంగమూ క్షమాపణ చెప్పి ఒప్పుకున్నాయి. మెలన్ ఫౌండేషన్ అనే దాతృత్వ సంస్థ 50 లక్షల డాలర్ల సాయం ఇచ్చింది. 2023 వేసవి చివరలో రాయిని పార్కు నుంచి తీశారు. 2024లో కౌన్సిల్ గ్రోవ్ దగ్గర కాన్జా వారు తిరిగి కొనుక్కున్న పాత నేలలో, వారి పెద్ద అల్లెగవాహో పేరు పెట్టిన పార్కులో దానిని నిలిపారు. ఓలేతా నివాసి గారూ, మీరు పిల్లలను తీసుకువెళ్లే ఊరు అదే కదా, తప్పకుండా చూపించండి.

ఇప్పుడు నా ప్రశ్న. పాతదాన్ని ముట్టుకోకూడదన్న నియమమే పాటించి ఉంటే, ఆ కంచు పలక ఇంకా ఆ రాయి మీదే ఉండవలసింది కదా?

శాసనాల పంతులు:

నేను గుంటూరు వైపువాడిని. శాసనాలు చదవడం నాకు వృత్తి. కాన్సస్ చూడలేదు కానీ, రాతి మీద రాత గురించి నాలుగు మాటలు చెప్పగలను.

మన ఊళ్లలో దొరికే దానశాసనాలలో రాజు ఏ గ్రామాన్ని ఎవరికి ఇచ్చాడో, ఎల్లలు ఏవో, ఆ దానాన్ని హరించినవాడు ఏ నరకానికి పోతాడో అంతా స్పష్టంగా ఉంటుంది. ఆ గ్రామంలో అప్పటికే దున్నుకుంటున్నవాడి పేరు సాధారణంగా ఉండదు. అంతమాత్రాన శాసనాన్ని చెక్కివేయము. లేనివాడి పేరు ఎందుకు లేదో ఆలోచించడానికి కూడా ఆ శాసనమే కదా మనకు ఆధారం. ఈ మేరకు నేను బాటసారి గారి పక్షమే.

అయితే విద్యార్థి గారు చెప్పినది వేరే విషయం. రాయి వేరు, రాత వేరు. శిల్పి చెక్కడానికి తెచ్చుకున్న పలక మీద రాసినది శాసనం. ఒకరు కొలిచే బండను ఎత్తుకువచ్చి దాని మీద తమ పేర్లు బిగించడం శాసనం కాదు, ఆక్రమణ. అక్కడ పలక విప్పినంత మాత్రాన చరిత్ర చెరగదు. ఆ పలకను ఎక్కడైనా భద్రపరిచి, ఈ పేర్లు ఫలానా సంవత్సరంలో ఫలానా రాయికి బిగించబడ్డాయని రాస్తే చరిత్ర ఇంకా నిండుగా తెలుస్తుంది. అమరావతి స్తూపపు చలువరాళ్లు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉండటం చూసి బాధపడే మనకు ఈ తేడా ఎవరో చెప్పనక్కరలేదు.

రోడ్డు పక్కన ప్రభుత్వం నిలిపిన ఫలకాల సంగతి మూడోది. అవి పూజావస్తువులు కావు, పురాతన శాసనాలూ కావు. దారిన పోయేవారికి సమాచారం చెప్పడానికి ప్రభుత్వం తన పేరు మీద పెట్టిన బోర్డులు. తప్పున్న పాఠ్యపుస్తకాన్ని సవరించినట్లే వాటిని సవరించడంలో దోషం లేదు. పాత పాఠం నకలును మాత్రం గ్రంథాలయంలో ఉంచాలి.

చెరువుగట్టు:

పంతులు గారు చక్కగా విడదీసి చెప్పారు. కానీ సవరించేది ఎవరు అన్న ప్రశ్న ఇంతవరకూ ఎవరూ అడగలేదు. నాకు అదే అసలు ప్రశ్న.

మా తాతగారి ఊరు ఒక జలాశయం కింద మునిగిపోయింది. గట్టు మీద పెద్ద శిలాఫలకం ఉంది. శంకుస్థాపన చేసినవారి పేరు, ప్రారంభించినవారి పేరు, ఎన్ని ఎకరాలకు నీరు అన్న లెక్క, అన్నీ ఉన్నాయి. మునిగిన ఊళ్ల పేర్లు ఒక్కటీ లేవు. ఆ ఫలకంలో అబద్ధం ఒక్కటీ లేదు; నీరు నిజం, ఎకరాలు నిజం. మా నాయనమ్మ ఆ గట్టు మీదకు ఎన్నడూ రాలేదు. కొన్నేళ్ల కిందట అధికారులు పక్కన ఇంకొక బోర్డు పెట్టి, ప్రాజెక్టు కోసం ప్రజలు చేసిన త్యాగం గొప్పదని రాయించారు. త్యాగమంటే తానుగా ఇచ్చేది కదా నాయనా, మేమెప్పుడు ఇచ్చాం అని ఆవిడ అడిగిన మాటకు ఈ రోజుకూ నా దగ్గర జవాబు లేదు. కొత్త ఫలకాన్ని కూడా పాత చెయ్యే రాస్తే, జరిగేది ఇదే.

కాన్జా వారి సంగతి నేను చదివినంతలో ఇలాగే ఉంది. 1825లో ఈ రాష్ట్రపు తూర్పు భాగంలో చాలా నేలను వదులుకుంటూ ఒప్పందం, 1846లో కౌన్సిల్ గ్రోవ్ దగ్గర 20 మైళ్ల చదరానికి కుదింపు, 1859లో అది కూడా 9 మైళ్ల వెడల్పూ 14 మైళ్ల పొడవూ గల ముక్కగా మారడం, 1873లో అదీ పోవడం. టర్కీ కోళ్లను తరిమినట్లు మమ్మల్ని ఒక వాగు నుంచి మరొక వాగుకు తరుముతున్నారని అల్లెగవాహో ప్రభుత్వ ప్రతినిధుల ఎదుట అన్నట్లు నమోదై ఉంది. ఫలకాలు సాధారణంగా దీనికి వాడే మాట ‘తరలివెళ్లారు’. ఆ ఒక్క క్రియాపదాన్ని ‘తరలించారు’ అని మార్చడానికి పెద్ద పండితసభ అక్కరలేదు. కానీ ఆ మార్పు కాన్జా వారి చేతి మీదుగా జరగాలి.

ప్రేరీ బాటసారి:

చెరువుగట్టు గారూ, మీ నాయనమ్మగారి మాట చదివి కారు ఎక్కి ఆఫీసుకు పోబోయేవాడిని ఆగిపోయాను. జవాబు రాయడానికి రెండు రోజులు పట్టింది.

నేను మొదట రాసినదానిలో ఒక లోపం ఉంది. వాయవ్య కాన్సస్‌లో ఓబర్లిన్ అనే ఊరి శ్మశానంలో 1878లో ఉత్తర షయాన్లు అనే స్థానిక జాతివారి దాడిలో చనిపోయిన రైతుల పేర్లతో స్మారకస్తంభం ఉంది. నేను అక్కడ నిలబడి ఆ పేర్లన్నీ చదివాను. వారు సైనికులు కారు. ఆ పేర్లు చెరపాలని ఎవరన్నా ఈనాటికీ ఒప్పుకోను. కానీ ఆ షయాన్లు ఎందుకు అటు వచ్చారన్నది స్తంభం చెప్పలేదు, నేనూ అడగలేదు. తరువాత చదివాను. వారిని 1877లో దక్షిణాన ఉన్న ఇండియన్ టెరిటరీకి పంపించారు. అక్కడ మలేరియాతోనూ ఆకలితోనూ మనుషులు రాలిపోతుంటే, మరుసటి ఏడాది సెప్టెంబరులో సుమారు 350 మంది తమ ఉత్తరపు నేలకు నడక కట్టారు. సైన్యం వెంటపడింది. సెప్టెంబరు 27న స్కాట్ కౌంటీలోని లోయలో పోరు జరిగింది. ఆ తరువాతి రోజులలోనే రైతుల మీద దాడులు జరిగాయి. అంతకు మూడేళ్ల ముందు, 1875 ఏప్రిల్‌లో, ఆ రైతుల పొలాలకు ఎంతో దూరం లేని సప్పా వాగు దగ్గర సైనికులూ దున్నల వేటగాళ్లూ కలిసి దక్షిణ షయాన్లను ఇరవై మందికి పైగా, స్త్రీలనూ పిల్లలనూ కూడా, చంపారు. 1878లో చనిపోయిన రైతుకు 1875 సంగతి బహుశా తెలియదు. అతని సమాధి పక్కన నిలబడిన నాకైనా తెలిసి ఉండవలసింది.

అయినా ఒక్క విషయంలో నా మాట మీదే ఉంటాను. లారెన్స్ కట్టినవారు బానిసత్వానికి వ్యతిరేకంగా నిలబడటానికే ఇంత దూరం వచ్చారు. 1863 ఆగస్టు 21న బానిసత్వాన్ని సమర్థించే క్వాంట్రిల్ ముఠా ఆ ఊరిని తగలబెట్టి నూట యాభై మందికి పైగా మగవారిని, పెద్దపిల్లలను చంపింది. బానిసత్వం నుంచి బయటపడిన నల్లజాతి కుటుంబాలు 1877లో కెంటకీ నుంచి వచ్చి నికొడీమస్ అనే ఊరు కట్టుకోగలిగాయంటే, ఆ పోరాటపు పేరు దేశమంతా పాకి ఉండటం కూడా ఒక కారణం. ఆ ఊరు కూడా ఇంకొకరి నేల మీదే లేచిందని ఇప్పుడు మీరంటే కాదనను. వలస వచ్చినవారిని ఒకే ముద్దగా చేసి దోషులనే ఫలకం కూడా అబద్ధపు ఫలకమే అవుతుంది, అంతవరకే నా మాట.

శాసనాల పంతులు:

బాటసారి గారు తమ మాటను తామే సరిచూసుకున్న తీరుకు నమస్కారం. ఒక చిన్న సూచన. సవరించిన ఫలకంలో పాత రాత ఏ సంవత్సరానిదో, కొత్త రాత ఏ సంవత్సరానిదో, ఏది ఎవరు రాశారో ఆ పేర్లూ ఉండాలి. శాసనం చివర రాసినవాడి పేరు, చెక్కినవాడి పేరు ఉండటం మన పాత అలవాటే. పేరు లేని రాత అందరి నిజంలా కనిపిస్తుంది. రోడ్డు పక్కన బోర్డులకు ఉన్న చిక్కంతా అందులోనే ఉంది.

ఓలేతా నివాసి:

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఈ చర్చ చదివాక నేను మొదట మా ఇంటి చుట్టూ చూశాను. మేముండే కౌంటీకి థామస్ జాన్సన్ పేరు పెట్టారు. ఆయన మెథడిస్టు మతబోధకుడు. ఒహాయో, మిస్సోరి ప్రాంతాల నుంచి ఇటు తరలించబడిన షానీ జాతివారి పిల్లలకూ, ఇతర జాతుల పిల్లలకూ చేతిపనులు నేర్పే బడి అని 1839లో ఇప్పటి ఫెయిర్‌వేలో నెలకొల్పారు. బానిసలను పెట్టుకున్న మనిషి ఆయన. 1855లో బానిసత్వాన్ని సమర్థించే తొలి శాసనసభ ఆ బడి ఆవరణలోనే సమావేశమై చట్టాలు చేసింది. ఆ బడి భవనాలు మూడు ఇప్పటికీ ఉన్నాయి. నేల తమకు తిరిగి ఇవ్వాలని షానీ జాతి ప్రభుత్వం కొన్నేళ్లుగా కోరుతోంది. ఓలేతా అన్న మా ఊరి పేరు కూడా షానీ మాట అనీ, అందమైనది అని దాని అర్థమనీ చెబుతారు. ఇంతకాలం ఆ పేరును చిరునామాలో రాసుకుంటూ, అది ఎవరి భాషో పిల్లలకు ఒక్కసారి కూడా చెప్పలేదు.

ప్రయాణాన్ని ఇలా మార్చుకున్నాను. పిల్లలు మొదట ఫెయిర్‌వేలో ఆగుతారు. కౌన్సిల్ గ్రోవ్‌లో 1928 నాటి బాటమాత విగ్రహం చూస్తారు. చంకలో బిడ్డతో, చేత తుపాకితో, కొంగు పట్టుకున్న కొడుకుతో నిలబడిన వలస తల్లి ఆమె. ఆమెను చూపించకుండా పిల్లలను తీసుకుపోవడం నాకు ఇష్టం లేదు. ఆ తరువాత ఊరి బయట అల్లెగవాహో పార్కులో ఎర్రరాయి దగ్గరకు వెళతాము. అక్కడ 1925లో పేరు తెలియని ఒక కాన్జా మనిషి అస్థికలను ఖననం చేసి కట్టిన సున్నపురాతి స్తంభం కూడా ఉంది. ఒక్కొక్క చోట పిల్లలు ఫలకం సారాన్ని తెలుగులో రాసి, దాని కింద అది ఏ సంవత్సరంలో ఎవరు పెట్టినదో రాయాలి. పంతులు గారి సలహా అది.

ఉత్తరం విషయంలో అభ్యంతరం చెప్పిన తండ్రిగారితో మాట్లాడాను. రాష్ట్ర ప్రభుత్వానికి మనం సొంతంగా పాఠం రాసి పంపబోము. రాతను సరిచూసేటప్పుడు కాన్జా, షానీ, షయాన్ ప్రభుత్వాల వారి మాట తీసుకోవాలని మాత్రమే అడుగుతాము. చెరువుగట్టు గారు అడిగిన ప్రశ్న లేకపోతే మేమే ఇంకొకరి తరఫున కలం పట్టేవాళ్లము.

లారెన్స్ విద్యార్థి:

చాలా మంచి ఏర్పాటు. తెలుగు నేర్పే తరగతి కనుక ఒక్క సంగతి కలుపుతాను. కాన్జా భాషను పుట్టుకతో మాట్లాడిన చివరి తరం 1980లలో ముగిసింది. దానికి కొద్ది సంవత్సరాల ముందు, 1970లలో, మా విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రం బోధించిన రాబర్ట్ రాంకిన్ ఓక్లహోమాకు వెళ్లి, మిగిలిన కొద్దిమంది వృద్ధుల దగ్గర కూర్చుని వారి మాటలను టేపుల మీద రికార్డు చేశారు. కాన్జా పిల్లలు ఈనాడు తమ భాష నేర్చుకునే పాఠాలకు ఆ టేపులే ఆధారం. ఎర్రరాయి ముందు నిలబడినప్పుడు మీ పిల్లల చేత దాని పేరును ఒకసారి పైకి పలికించండి. ఇన్ అంటే రాయి, ఝూజె అంటే ఎర్రనిది, వహోబె అంటే పవిత్రమైనది.